డిస్కులో మిగిలిన పడవ

విజయవాడలోని ఓ కాలనీలో వరద నీళ్లు మేడమెట్ల దాకా వచ్చాయి. అక్కడ మొదటి అంతస్తులో శౌరయ్య ఒక్కడే ఉన్నాడు. పామర్రులో ఆయన కూతురు జెస్సికా పాత కంప్యూటరునే సర్వరుగా పెట్టి, జనాన్ని ఒడ్డుకు చేర్చే పడవ ఏ సందుకు వస్తోందో చెప్పే పేజీ నడుపుతోంది. పడవ మీదున్న కిరీటి ఫోన్ చేసి చెబుతాడు, ఆమె పేజీలోకి ఎక్కిస్తుంది. కాలనీ అంతా ఆ పేజీనే నమ్ముకుంది.

తయారైన పేజీని మెమరీలో ఉంచితే అడిగినవాళ్లందరికీ చిటికెలో అందుతుంది. కరెంటు పోతే మాత్రం తుడుచుకుపోతుంది. ఇన్వర్టరు చూస్తే ముసలిది. కంప్యూటరు ఆగి లేచినప్పుడల్లా జనం ఒక్కసారే మీదపడటం, అది ఉక్కిరిబిక్కిరై చతికిలపడటం.

“డిస్కులో పెట్టెయ్యవే. కరెంటు పోయినా ఎక్కడికీ పోదు,” అన్నాడు భర్త ఆరోన్.

“పోకపోవడమేనండీ నా భయం. పాతది పట్టుకుని వేలాడితే?”

“అసలు తెరుచుకోనిదాని కన్నా నయమేగా! అచ్చం మీ నాన్న పోలికే. ఆయనా అంతే, బస్సెక్కబోతూ బోర్డు మళ్లీ చదువుతాడు.”

జెస్సికా నవ్వలేదు. డిస్కుకు మార్చింది. కొత్తది రాగానే పాతది చెరపమని ఆ కంగారులో దానికి చెప్పనే లేదు.

మధ్యాహ్నం కిరీటి చెప్పిన మార్పు ఎక్కించింది. అంతలో కరెంటు పోయి వచ్చింది. పేజీ టక్కున తెరుచుకుంది.

“చూశావా!” అన్నాడు ఆరోన్.

అప్పుడే శౌరయ్య ఫోన్. “అమ్మాయ్, పడవ చర్చి సందు మలుపులో ఉందని రాశారుగా. దిగి అక్కడిదాకా నడిచెళ్తా. నీళ్లు నడుం దాకానేలే.”

అది పొద్దుటి మాట. పడవ కాలవ గట్టు దాటి చాలాసేపైంది.

“దిగొద్దు నాన్నా! అది పాత...”

లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

జెస్సికా డిస్కులో దాచిందంతా చెరిపేసింది. పడవ కబురును మళ్లీ మెమరీకే మార్చింది. జనం మీదపడ్డారు. పేజీ గిర్రున తిరుగుతూ ఉండిపోయింది.

“ప్రభువా, ప్రభువా,” అంటూ ఆరోన్ మామగారి నంబరు నొక్కుతూనే ఉన్నాడు.

చాలాసేపటికి అటునుంచే మోగింది.

“ఏంటమ్మా మీ పేజీ! నీళ్లలో కాలెట్టబోతూ మళ్లోసారి చూద్దామంటే తెరుచుకోదే! మెట్లమీదే కూలబడ్డా. ఇప్పుడొచ్చింది. పడవ గట్టవతల ఉందంటగా?”

“అవును నాన్నా. పైకెళ్లు. నేను ఫోన్ చేసేదాకా దిగావంటే చూడు!”

“అరవకే. వెళ్తున్నా.”

ఆస్పత్రి నంబర్లు, అన్నం పెట్టే చోట్లు, అలా మారనివన్నీ డిస్కులో పెట్టింది. పడవ కబురును మాత్రం మెమరీలోనే ఉంచింది. కరెంటు మళ్లీ పోయి ఇన్వర్టరు కీచుమంది. ఈసారి ఆరోన్ డిస్కు ఊసెత్తలేదు. పడవ మళ్లీ చర్చి సందుకు ఎప్పుడొస్తుందో చెప్పే కిరీటి ఫోన్ ఇంకా రాలేదు.