గుట్ట మీద పొడి నేల

బతికినన్నాళ్లూ మనిషిని పిండుకునేవాళ్లను కటోంగో చాలామందినే చూశాడు. ముప్పయ్యేళ్ల పాటు ఒళ్లు విరిగేలా పని చేయించుకుని గేటు బయటికి నెట్టిన గని యజమానిని చూశాడు, కప్పు కురుస్తున్నా అద్దె పెంచే ఆసామిని చూశాడు. చచ్చాక కూడా వదలనివాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాడు. వాడి పేరు సిల్వెస్టర్ ముకుపా.

కౌన్సిల్ వాళ్లు శ్మశానాన్ని ఈ కాంట్రాక్టరుకు అప్పజెప్పారు. అప్పజెప్పీ అప్పజెప్పకముందే గుట్ట చుట్టూ ఇనుప కంచె లేచింది. గుట్ట మీద ఎర్రమట్టి, పొడి నేల. గనిలో రాగి తవ్వినవాళ్లంతా అక్కడే పడుకుని ఉన్నారు. కటోంగో కొడుకూ అక్కడే ఉన్నాడు. ఇప్పుడది డబ్బున్నవాళ్ల విభాగం. లేనివాళ్లకు కింద, వాగు పక్క చిత్తడి నేల.

కటోంగో భార్య ఆగ్నెస్ పోయిన మర్నాడు చోటు చూసుకోవడానికి అతనూ, పక్కింటి జెరె కలిసి వెళ్లారు. ముకుపా గొడుగు కింద కుర్చీ వేసుకుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"గుట్ట మీద మా అబ్బాయి పక్కన కావాలి సార్. పోయేముందు మా ఆడది అదొక్కటే అడిగింది."

"అడగడానికేం, అందరూ అడుగుతారు. నీ దగ్గరున్న డబ్బుకి కిందే వస్తుంది. మిషన్‌తో గుంటలు ముందే తీయించి పెట్టా. ఏదో ఒకటి చూసుకో."

"గుంట మేమే తవ్వుకుంటాం. మా వాడలో చావుకి కూలోళ్లని పెట్టే అలవాటు లేదు."

"అవన్నీ పాత మాటలు. బయటి పారలు గేటు దాటి రావు."

కిందికి దిగి చూశారు. వరసగా గుంటలు, వరసగా నీళ్లు. ఒకదాంట్లో కప్ప ఈదుతోంది.

"ఇందులో ఎవర్ని పెట్టాలి బావా, మనిషినా, చేపనా?" అన్నాడు జెరె.

కటోంగో నవ్వలేదు. మార్చురీ వాళ్లు శవాన్ని తీసుకుపొమ్మని తరుముతున్నారు. వాడలో చందా వేసుకున్న డబ్బు తీసుకెళ్లి ముకుపా బల్ల మీద పెట్టాడు. పెట్టి, బయటికొచ్చి, కంచెను కాలితో తన్నాడు. కాలికే దెబ్బ తగిలింది.

సాయంత్రం చావింటి ముందు మగవాళ్లు బొగ్గుల కుంపటి చుట్టూ కూర్చున్నారు. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు.

చర్చి పెద్ద చిలెషె గొంతు సవరించుకున్నాడు. "నేలంతా దేవుడిదే నాయనా. ఎక్కడ పడుకోబెడితే ఏంటి?"

లోపలి నుంచి చోలా వాళ్లమ్మ విసురుగా బయటికొచ్చింది. మార్కెట్లో టమాటాలమ్మే మనిషి, గొంతు వీధి చివరికి వినపడుతుంది. "అయితే ముందు నువ్వెళ్లి పడుకో ఆ బురదలో, పెద్దాయనా! మొన్న మా ఆయన్ని అక్కడే దించాం. పెట్టె పైకి తేలింది. ముకుపా మనుషులు బండరాళ్లేసి అణిచారు. నా కళ్లముందే మా ఆయన మీద రాళ్లేశారు!"

"అర్జీ పెడదాం" అన్నాడొకడు.

"ఎవరికి? కంచె వేయించినోళ్లకా?"

"నాకు గొడవలొద్దు. రేపు దాన్ని మట్టిలో పెట్టాలి, అంతే" అన్నాడు కటోంగో. అంటుంటే అతని మాట అతనికే చేదుగా ఉంది.

తెల్లారి లారీల మీద పాడుకుంటూ వెళ్లారు. పెట్టె గుంట అంచుకు చేరింది. అప్పుడు జెరె దూకాడు.

జెరె న్గోనీ, కటోంగో బెంబా. తాతల నాడు నరుక్కున్న జాతులు, ఆ తర్వాత వేళాకోళం వరసలు కలుపుకున్నాయి. ఇవతలివాళ్ల చావులో అవతలివాళ్లు బూతులాడొచ్చు, గుంటలోకి దూకి చిల్లర ఇస్తేగానీ రామని మొండికేయొచ్చు. ఎవరికీ కోపం రాకూడదు. అది వాళ్ల హక్కు.

మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి జెరె అరిచాడు. "కోతిమాంసం తినే బెంబాల్లారా! మా చెల్లెల్ని కుంటలో పారేస్తారట్రా?"

ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. చిల్లర విసిరారు. జెరె ఆ డబ్బులన్నీ ఏరి తిరిగి వాళ్ల మీదికే విసిరాడు.

"చిల్లరొద్దు. గుట్ట మీద చోటు కావాలి. ఇచ్చేదాకా లేవను."

నవ్వులాగిపోయాయి. ముకుపా పరుగున వచ్చాడు. "లాగండి వాణ్ణి బయటికి!"

కాపలావాడు చంసా కదల్లేదు. "వేళాకోళం మనిషిని గుంటలోంచి లాగకూడదు సార్. ఆ పాపం నాకొద్దు."

"రేపట్నుంచి పనికి రాకు!"

చోలా వాళ్లమ్మ నడుముకు చుట్టుకున్న చీటిగుడ్డ మోకాళ్ల పైకి దోపి పక్క గుంటలోకి దిగింది. ఆమె వెనక న్గోనీలు, ఆ తర్వాత బెంబాలు, ఏ వరసా లేనివాళ్లు. ముకుపా అమ్మకానికి పెట్టిన ప్రతి గుంటలోనూ ఒక మనిషి నిలబడ్డాడు.

కటోంగో ఒక్కడే పెట్టె దగ్గర మిగిలాడు. అతనికి ఒళ్లంతా మండిపోయింది. ముకుపా మీద కాదు, వాడి బల్ల మీద డబ్బు పెట్టిన తన చేతి మీద. గుట్ట ఎక్కి కంచెస్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. పదిమంది తోడయ్యారు. కంచె పడిపోయింది. ముకుపా షెడ్డులోని పారలతోనే కొడుకు పక్కన తవ్వారు. పొడి మట్టి. పెట్టెను ఒక పక్క పట్టి దించింది పెద్దాయన చిలెషే.

మట్టి కప్పడం పూర్తయ్యాక పోలీసులొచ్చారు. బురద ప్యాంటుతో జెరెను, కటోంగోను, మరికొందర్ని వ్యానెక్కించారు. ఆడవాళ్లు స్టేషన్ దాకా పాడుకుంటూ నడిచారు. కటోంగోను వదిలారు, జెరెను వదల్లేదు. ఆగ్నెస్‌ను తవ్వి తీయిస్తానని ముకుపా కోర్టుకెక్కాడు. వాడవాళ్లు వంతులేసుకుని ఆమె దగ్గర కాపలా కూర్చుంటున్నారు.

ఆ వానల్లోనే చంసా తల్లి పోయింది. పనిపోయినవాడి దగ్గర ఏముంటుంది? పెట్టెతో గుట్టకొచ్చి నిలబడ్డాడు. కంచె పడిన మేర ఒక్క చోటే ఖాళీగా ఉంది, ఆగ్నెస్ పక్కన. కటోంగో తనకోసం రాళ్లు పేర్చుకున్న చోటు.

"ముకుపా కూలి తిన్నవాడి తల్లికి నా చోటా?" అన్నాడు కటోంగో.

"ఆ కూలి ఎవరి కోసం పోగొట్టుకున్నాడు?" అంది చోలా వాళ్లమ్మ.

కటోంగో తిట్టుకుంటూనే ఆ రాళ్లను కాలితో పక్కకు నెట్టాడు. పార అందుకుని మొదటి మట్టిపెళ్ల తనే తీశాడు. కింద రోడ్డు మీద పోలీసు వ్యాను ఆగింది. గుట్ట మీద ఎవరూ పార కింద పెట్టలేదు.

భార్య పక్కన కటోంగో పోగొట్టుకున్న నేల ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు.