జనానికి వదిలిన జాగా

ఎవరేమైనా అనుకోండి, నా కడుపుమంట నాది. తెలంగాణ వచ్చిన నాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా తీసిన ఊరేగింపులో వ్యాను నాది, సౌండు బాక్సులు నావి, జనరేటరు నాది. పాట మాత్రం నా చేతిలో లేదు.

సకల జనుల సమ్మె నలభై రెండు రోజులూ ఎల్బీనగర్ శిబిరంలో పాటలు పెట్టింది నేనే. రెండు సీడీ ప్లేయర్లు, మధ్యలో మిక్సరు. ఒక పాట అయిపోతుండగా హెడ్‌ఫోను చెవికి ఆనించి రెండో పాట దరువును దానితో కలిపేవాణ్ణి. అదొక్కటేనా! డప్పు పాట మంచి ఊపులో ఉండగా గభాలున సౌండు తీసేసేవాణ్ణి. ఆ ఖాళీలో మన్సూరాబాద్ కౌసల్యమ్మ "జై" అని అందుకునేది, జనమంతా "తెలంగాణ" అనేవాళ్లు. పొద్దున హుషారుగా ఉంటే కాసేపు ఆపితే చాలు. మధ్యాహ్నం గొంతులెండిపోతే ఇంకాస్త ఆగాలి. కౌసల్యమ్మ ఊపిరి పీల్చుకోవడం చూసి ఆపేవాణ్ణి.

"రాష్ట్రమొచ్చిన్నాడు మొదటి పాట నీ చేతుల మీదనే," అని కమిటీ పెద్ద జంగయ్య అందరి ముందూ నా భుజం తట్టాడు. మూడేళ్లు ఆ మాట పట్టుకుని వేలాడాను.

తీరా ఆ పొద్దున నా వ్యానెక్కి చూస్తే, నాగోల్ డీజే యోగేందర్ ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు.

"గిప్పుడంత కంప్యూటరే లింగస్వామీ. పాటకు పాట అదే కలుపుతది. నువ్వు జర జనరేటర్ కాడ ఉండు," అన్నాడు జంగయ్య.

"మరి నువ్విచ్చిన మాట?"

"అరె, పండుగ పూట లొల్లి పెట్టకు. వ్యాను నీదే కదనే!"

నిజం చెప్పొద్దూ, కంప్యూటరు బాగానే కలిపింది. ఎక్కడా దరువు తప్పలేదు. తప్పితే నవ్వుకుందామని చూశాను, ఆ ముచ్చటా తీరలేదు.

కొత్తపేట దాటాక డప్పు పాట వచ్చింది. కౌసల్యమ్మ చెయ్యెత్తి "జై" అనబోయింది. పాట ఆగలేదు. ఇంకోసారి ఎత్తింది. ఈసారి ఇంకో పాట వచ్చి మీద పడింది. ఆమె చెయ్యి దించి నా దగ్గరికొచ్చింది.

"ఏంది బిడ్డా, మాకు జర జాగ ఇడుస్తలేడు?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ముందుకు పోయి మళ్లీ అందుకోమని చేత్తో సైగ చేశాను. ఆమె మళ్లీ చెయ్యెత్తి గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. నేను జనరేటరు ఆపేశాను.

"జై!" అంది కౌసల్యమ్మ. "తెలంగాణ!" అని రోడ్డు రోడ్డంతా అరిచింది. తాడు లాగి మళ్లీ స్టార్టు చేశాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉందేమో, పాట మా కోసం ఆగకుండా అప్పటికే ముందుకు పోయింది.

జంగయ్య ఎగిరెగిరి పడ్డాడు. "ఇజ్జత్ తీస్తివి గదనే! గీ డొక్కు జనరేటర్ ఇంకోసారి తెచ్చినవో చూడు!"

అతను పోయాక యోగేందర్ వంగి, చిన్నగా అడిగాడు.

"అన్నా, సరిగ్గ గాడనే ఎట్ల ఆగింది? నువ్వే ఆపినవు గదా? జర నాకు గూడ నేర్పరాదే."

అంతమందిలో కనిపెట్టింది వాడొక్కడే. ఆమె ఊపిరి చూడు అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పబుద్ధి కాలేదు.

"పాతది గదా తమ్మీ," అన్నాను. "దానంతటదే ఆగింది."