అక్క సైకిలు సీటు

మా అక్క సైకిలు సీటు జోలికి ఎవరైనా వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే మోకాళ్ళు సలుపుతున్నా ఎవరికీ చెప్పకుండా చాలాకాలం నెట్టుకొచ్చాను. నా ఉద్యోగం ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూడడం. మేడలెక్కాలి, దిగాలి, మళ్ళీ ఆ సైకిలెక్కాలి. సాయంత్రానికి మోకాలి చిప్ప కింద ఎవరో సూది పెట్టి తిప్పుతున్నట్టుండేది. ఆఖరికి పిట్టగోడ పట్టుకుని మెట్లు పక్కవాటుగా దిగడం మొదలుపెట్టాను.

అది కాస్తా మా ఆఫీసరమ్మ కంట పడింది.

"మోకాళ్ళు బాగుచేసుకో అమ్మాయ్. లేకపోతే నిన్ను ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టేస్తా," అంది.

ఫోన్ల దగ్గర! నాకున్న నోటికి రెండో రోజే కొంప మునుగుతుంది. ఇక తప్పదని సైకిలు మెకానిక్ బాబాయ్ కొట్టుకు వెళ్ళాను. సొంత బాబాయ్ కాదు, నాన్న స్నేహితుడు. అక్కనీ నన్నూ చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు.

"ఎక్కి గోడ పట్టుకో. మడమ పెడల్ మీద పెట్టి కిందికంటా తొక్కు," అన్నాడు.

తొక్కాను. ఆయన నా కాలు చూసి తల కొట్టుకున్నాడు.

"కాలు నిటారుగా రావాలే! పీట మీద కూర్చున్నట్టు ముడుచుకునే ఉందేంటి? ఇలా తొక్కితే బరువంతా చిప్ప మీదే పడుతుంది. సీటు బెత్తెడు ఎత్తాలి."

"కుదరదు."

"ఏం?"

"అది అక్క ఎత్తు."

బాబాయ్ పానా కింద పెట్టేశాడు. నాతో వాదన పెట్టుకుంటే పొద్దుపోతుందని ఆయనకు తెలుసు.

నేను కాలేజీలో ఉండగా అక్క ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ సీటు మీద తట్టి, "జాగ్రత్తే, వచ్చి తొక్కుతా," అంది. అప్పటి నుంచీ ఏటా వచ్చే వేసవికి వస్తానంటుంది. వేసవి వస్తుంది, అక్క రాదు. నేను టైర్లు మార్చాను, బ్రేకులు మార్చాను, గొలుసు మార్చాను. సీటు కింది నట్టు మాత్రం ముట్టుకోలేదు. అక్క వచ్చిన రోజున ఏదీ సర్దుకోకుండా ఎక్కి ఝామ్మని వెళ్ళిపోవాలి. అక్కంటే నాకు ప్రాణం. పిచ్చి అంటారా, అనుకోండి.

"సరే, కనీసం కాళ్ళయినా సాగదియ్యి," అన్నాడు బాబాయ్.

గోడ పట్టుకుని, ఒక కాలు వెనక్కి మడిచి, మడమను పిరుదుకు ఆనించి తొడ కండరం లాగడం. తర్వాత గోడను తోస్తూ పిక్కలు లాగడం. పొద్దునా సాయంత్రం చేశాను.

అమ్మ ఊరుకుంటుందా? "గోడ పడిపోకుండా కాపు కాస్తున్నావా తల్లీ?" అనేది.

పట్టేసిన తొడలు వదులయ్యాయి. సూది మాత్రం పోలేదు. కుంటుకుంటూ మళ్ళీ కొట్టుకు వెళ్ళాను.

"సాగదీస్తే కండలు వదులవుతాయి గానీ సీటు పైకి లేస్తుందా?" అన్నాడు బాబాయ్ విసుగ్గా. "అయినా మీ అక్కదీ నీ ఎత్తేగా! తనకి మాత్రం ఇదెలా సరిపోయింది?"

"సరిపోకుండానే తొక్కిందా ఇన్నేళ్ళు? ఉండు, దాన్నే అడుగుతా!" అని అక్కడికక్కడే అక్కకు ఫోన్ చేశాను.

అంతా విని అక్క పకపకా నవ్వింది.

"ఒసేయ్, నా ఎత్తేంటే! అది నీ ఎత్తు. నేర్చుకునేటప్పుడు కాళ్ళందట్లేదని నువ్వు ఏడుస్తుంటే నేనే దించేశా. కాసేపు నువ్వెక్కుతావు, కాసేపు నేనెక్కుతా. మాటిమాటికీ ఎత్తీ దించీ ఎవరు చస్తారు? అలాగే వదిలేశా."

"మరి నీ మోకాళ్ళు?"

"నొప్పెట్టేవి. మెట్లెక్కితే ఇప్పటికీ పెడతాయి."

అది చెప్పి కూడా నవ్వింది.

"అక్కా, ఈ వేసవికి వస్తున్నావా?"

అటువైపు కుళాయి పారుతున్న చప్పుడు. ఎవరో అక్కను పిలుస్తున్నారు. ఆ గొంతు నేనెప్పుడూ విననిది.

"ఎత్తించుకోవే," అంది అక్క చివరికి. "నీకెంత కావాలో అంత ఎత్తించుకో. నా కోసం ఉంచకు."

నేను తల ఊపాక బాబాయ్ నట్టు మీద నూనె పోశాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఓ పట్టాన కదల్లేదు. కదిలాక సీటు బెత్తెడు పైకి వచ్చింది. ఎక్కి మడమతో తొక్కితే కాలు నిటారుగా సాగింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది," అన్నాను. బాగున్నందుకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

రోడ్డెక్కాను. పెడల్ తేలిగ్గా తిరుగుతోంది. నాకు అక్క కావాలనిపించింది, అంతే, ఇంకేం తోచలేదు. ఇంటిదాకా ఏడుస్తూనే తొక్కాను. మోకాలు ఒక్కసారి కూడా నొప్పెట్టలేదు.