ఎడమ చేతికి తక్కువ పడిన ఊలు

నేను ఒక ఊలు ఉండను. గొర్రె ఒంటిమీద పుట్టి, కొండగాలి పీల్చి పెరిగానని చెప్పుకోవాలని ఉంటుంది గానీ, నాలో గొర్రె వాటా తక్కువ, రసాయనం వాటా ఎక్కువ. ఏ గొర్రె ఎదురుపడినా నన్ను తన చుట్టమని గుర్తుపట్టదు. అయినా నా నడుముకు కట్టిన కాగితం మీద మాత్రం బొద్దుగా ఉన్న గొర్రెపిల్ల బొమ్మ అచ్చువేశారు. మనుషులు పెళ్ళిసంబంధాలకు పంపుకునే ఫోటోలు చూశాక ఆ బొమ్మ గురించి సిగ్గుపడటం మానేశాను.

పుట్టింది లూధియానాలో. రంగు వంకాయ రంగు. ఏ వంకాయ అని అడగాలి మీరు. ఈ కథంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. నేనూ నా తోబుట్టువులూ ఒకే రంగుతొట్టిలో మునిగి లేచినవాళ్ళం. ఆ పక్క తొట్టిలో అదే పొడి, అదే నీళ్ళు, అదే మేస్త్రీ. అయినా అందులోంచి లేచినవాళ్ళు మాకంటే ఒక పిసరు నలుపో ఎరుపో ఉంటారు. విడిగా చూస్తే తేడా తెలియదు. పక్కపక్కన పెట్టి అల్లితే మాత్రం స్వెట్టరు మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు ఊలు కొనేటప్పుడు ఒకే తొట్టివి, అంటే ఒకే లాటువి, ఒకటి ఎక్కువే కొంటారు. అలా ఎక్కువగా కొన్న ఒకటిని నేను.

కొన్నది సువర్ణ. బెల్లంపల్లిలో బొగ్గుగని క్వార్టర్లలో ఉండేది. బెల్లంపల్లిలో ఎండాకాలం రేకుల మీద అప్పడాలు వాటంతటవే కాలుతాయి. అలాంటి ఊళ్ళో ఊలు అల్లే మనిషి ఉండటం చేపలకు గొడుగులు అమ్మడం లాంటిదని మంచిర్యాల దుకాణం అరలో కూర్చుని నవ్వుకున్నాను. డిసెంబరు వచ్చాక నవ్వు ఆగింది. ఆ అడవి పక్క చలి ఎముకల్లోకి వెళ్ళి కాపురం పెడుతుంది.

సువర్ణ డిగ్రీ చదివింది. ఆ డిగ్రీని ఇనపపెట్టెలో పెట్టి తాళం వేసి, సూదులు పట్టుకుంది. క్వార్టర్లలో ఆమె అల్లినది తగలని ఒళ్ళు లేదు. పసిపిల్లల టోపీలు, వాచ్‌మన్ మఫ్లరు, టీవీకి ముసుగు, ఆ టీవీ మీది గడియారానికి మరో ముసుగు. వీధికుక్క ఒకటి ఈనితే ఆ పిల్లలకూ చొక్కాలు అల్లింది. కుక్కపిల్లలు కృతజ్ఞతగా వాటిని నమిలాయి. ఆమె సూదుల వైపు చూసేది కాదు. మాట్లాడుతూనే ఉండేది, వేళ్ళు వాటి దారిన అవి నడిచేవి. కుట్టు తప్పితే చూపుకంటే ముందు వేలికి తెలిసేది.

మమ్మల్ని కొన్నది భర్త ఓదెలు స్వెట్టరు కోసం. పొద్దున షిఫ్టుకు చీకటితో స్కూటరు మీద వెళ్ళే మనిషి. వీపు అల్లింది, ముందుభాగం అల్లింది, కుడిచేయి అల్లి కుట్టేసింది. నా తోబుట్టువులంతా ఒక్కొక్కరే ఆ స్వెట్టరులో కలిసిపోయారు. ఎడమచేయికి నా వంతు వచ్చింది.

నాతో మొదలుపెట్టిన రోజే నాకు తేడా తెలిసింది. ఆమె కుడిచేతి బొటనవేలు నన్ను పట్టుకుంటోంది, కానీ పట్టుకున్న సంగతి ఆ వేలికే తెలియడం లేదు. ఒక కుట్టు బిగుసుకుంటే దాని పక్కది వదులుగా జారింది. వరుస చివరికి వచ్చేసరికి సూది వణికింది. విప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ విప్పింది. ఒకసారి అల్లి విప్పిన ఊలు మళ్ళీ తిన్నగా ఉండదు, ఉంగరాలు తిరుగుతుంది. నా ఒళ్ళంతా అలా ఉంగరాలు తేలాక ఆమె నన్ను చుట్టి, ఒక జాకెట్టు గుడ్డలో మూటగట్టి, పెట్టె అడుగున దాచింది. దాచేటప్పుడు నన్ను కాసేపు చెంపకు ఆనించుకుంది. బట్టల మీద నీళ్ళు పడితే ముదురు మచ్చ అవుతుంది కదా, నా మీదా అయింది.

ఆమె తల్లికి ఇలాగే వేళ్ళతో మొదలైందట. తరువాత అన్నం కలుపుకోవడం కూడా రాలేదట. ఓదెలుకు చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. డాక్టరు దానికొక పేరు పెడతాడు. పేరు లేనంత కాలం అది ఉత్త తిమ్మిరి. అందుకని సువర్ణ మొగుడితో ఇలా చెప్పింది:

"ఊలు తక్కువ పడ్డదయ్యా. ఎడమచేతికి లేదు. అదే లాటు దొరికితెనే అల్లుత, లేకుంటె మంచిగుండది."

చెప్పి, ఆ మాట అక్కడితో అయిపోతుందనుకుంది. ఆమె అంచనా వేయనిది మొగుణ్ణి.

ఓదెలు గనిలో పంపులు చూసుకునే మనిషి. నీళ్ళు కారుతుంటే ఎక్కడినుంచో కనిపెట్టేదాకా నిద్రపోడు. ఊలు తక్కువ పడిందన్న మాటనూ అలాగే పట్టుకున్నాడు. సెలవు దొరికితే చాలు, ఒంటిచేతి స్వెట్టరును సంచిలో పెట్టుకుని బయలుదేరేవాడు. మంచిర్యాల అయింది, కరీంనగర్ అయింది, రైలెక్కి నాగపూర్ కూడా వెళ్ళొచ్చాడు. వెళ్ళిన ప్రతిచోటినుంచీ ఒక వంకాయ ఉండ తెచ్చేవాడు. గెలిచివచ్చినవాడిలా ఇచ్చేవాడు.

"ఇగో, ఇదైతె ఖాయం. దుకాణపాయన సొంతంగ ఎండల పట్టి సూపిచ్చిండు."

ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి స్వెట్టరు పక్కన పెట్టి చూసేది. ఒక్కొక్కటి నిజంగా కలవలేదు. ఒకటి రెండు దాదాపు కలిశాయి. అప్పుడామె ఇంకాసేపు చూసేది.

"ఇది జెర నల్లగున్నదయ్యా."

"ఔనా? నాకైతె ఒక్కతీరే కనవడుతంది."

"నీ కండ్లకేం తెలుస్తది?"

"గదీ నిజమే," అని సంతోషంగానే ఒప్పుకునేవాడు. మళ్ళీ సెలవు కోసం చూసేవాడు. అలా తిరిగి తిరిగి, సూది పట్టడం రాని ఓదెలుకు లాటంటే ఏమిటో, విప్పిన ఊలును ఎలా గుర్తుపట్టాలో, ట్యూబులైటు కింద రంగు ఎలా మోసం చేస్తుందో అన్నీ వచ్చేశాయి. రెండు చలికాలాలు గడిచాయి. ఆ స్వెట్టరు పూర్తయ్యేదాకా వేరేదేదీ మొదలుపెట్టనన్న సాకుతో సువర్ణ సూదులు ముట్టలేదు. అతను చొక్కా మీద చొక్కా వేసుకుని షిఫ్టుకు వెళ్ళాడు. పెట్టె నిండా కొత్త వంకాయలు చేరాయి. నాగపూరు ఉండకు గర్వం ఎక్కువ. అడుగున మూటలో ఉన్న నన్ను, నువ్వేం తప్పు చేశావని అడిగింది. తప్పు చేయలేదు, సరిపోయాను, అన్నాను. దానికి అర్థం కాలేదు.

ఓదెలు రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. హన్మకొండలో రెండు గదుల వాటా కుదిరింది. ఇంత ఊలు పెట్టడానికి చోటు లేదని సువర్ణే అంది, అమ్మేద్దామని. అంత తేలిగ్గా ఎలా అందని ఓదెలు ఆశ్చర్యపోయాడు. నేను ఆశ్చర్యపోలేదు.

రేపు లారీ వస్తుందనగా, వరండాలో చాప పరిచి అమ్మకం పెట్టారు. సువర్ణ చాప మీద కూర్చుని కుడిచేతిని కొంగు కింద పెట్టుకుంది. ముందుగా వచ్చింది వెనక లైను రాజేశ్వరి. కొనడం కంటే చూడటం, చూడటం కంటే మాట్లాడటం ఇష్టం ఆమెకు.

"ఏంది వదినె, అన్నీ వంకాయలేనా? అమ్మకం వెట్టినవా, అంగడి వెట్టినవా?"

"కూర వండుకో, పో. నీకైతె పుచ్చులు తీసి ఇస్త," అంది సువర్ణ.

"ఒక్కటన్న పచ్చది లేకపాయె. అన్నకు వంకాయ మీద గింత పావురమా?"

ఓదెలుకు వంకాయ మీదున్న ప్రేమకు ఆడవాళ్ళు నవ్వారు. పక్క వాటాలో కొత్తగా కాపురానికి వచ్చిన మౌనిక మాత్రం నవ్వకుండా ఉండలన్నీ పట్టి చూస్తోంది. రెండు వాటాలకూ మధ్య నడుమెత్తు గోడే అడ్డం. ఇన్నాళ్ళూ ఆ గోడ మీద మోచేతులు ఆనించి సువర్ణ పాత అల్లికల కబుర్లు విన్న పిల్ల.

లోపల ఓదెలు పెట్టె ఖాళీ చేస్తున్నాడు. పాత చీరలు, దుప్పట్లు తీశాక అడుగున జాకెట్టు గుడ్డ మూట తగిలింది. విప్పాడు. నన్ను చూసి ఇదొకటి మిగిలిందే అనుకుని, అలవాటు కొద్దీ వంటింటి గుమ్మంలో ఎండలోకి తీసుకెళ్ళాడు. సంచిలో స్వెట్టరు ఉంది. దాని కుడిచేయి పక్కన నన్ను పెట్టాడు.

నేనూ నా తోబుట్టువులూ అలా రెండేళ్ళ తర్వాత కలుసుకున్నాం. ఎక్కడ అది ఆగిందో, ఎక్కడ నేను మొదలయ్యానో దేవుడు కూడా చెప్పలేడు. ఓదెలు ముఖం వెలిగింది. "సువర్ణా!" అని పిలవడానికి నోరు తెరిచాడు. అప్పుడే నా కొస అతని వేలికి చుట్టుకుంది, ఉంగరం ఉంగరంగా. నోరు అలాగే ఉండిపోయింది. కొస లాగాడు. ఇంకా లాగాడు. ఎంత లాగినా ఉంగరాలే, అల్లి విప్పిన గుర్తులే.

అదే సమయంలో వరండాలో మౌనిక గొంతు వినిపించింది.

"అక్కా, కొంట గని నాకు మొదలువెట్టుడు రాదు. సూది మీద జెర ఎక్కిచ్చి ఇయ్యవా? ఒక్క వరుస. సూసుకుంట నేర్చుకుంట."

"ఫోన్ల అన్నీ సూపెడుతరు కదనే," అంది సువర్ణ.

"ఫోన్ల ఆమె నీ అంత మంచిగ చెప్పదక్కా."

"ఇయ్యరాదు వదినె, రేపు పోతివంటె మళ్ళ దొరుకుతవా?" అని రాజేశ్వరి రెండు సూదులు తీసి సువర్ణ ఒళ్ళో పెట్టింది. అందరూ ముందుకు జరిగారు. ఇన్నేళ్ళు చూసిన ఆటను ఆఖరిసారి చూడాలని వాళ్ళ సరదా.

సువర్ణ చేయి కొంగు కిందినుంచి వచ్చింది. సూది పట్టుకుంది. పట్టుకున్నాననుకుంది. సూది ఒళ్ళోంచి జారి బండల మీద టింగుమంది. ఎవరో తీసి ఇచ్చారు. మళ్ళీ జారింది. ఈసారి ఎవరూ వంగి తీయలేదు.

నన్ను గుప్పిట్లో పట్టుకుని ఓదెలు గుమ్మంలోకి వచ్చాడు. కింద సూదిని చూశాడు. కొంగు కిందికి తిరిగి వెళ్తున్న వేళ్ళను చూశాడు. పంపులో నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో కనిపెట్టినప్పుడు అతని ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. ఇలా మాత్రం ఉండి ఉండదు.

"ఎవలమ్మా ఆమెకు సూదులిచ్చింది?" అని కసిరాడు. "ఇటియ్యిండ్రి!"

ఓదెలు గొంతు పెంచడం ఆ లైనులో ఎవరూ ఎన్నడూ వినలేదు. సువర్ణ కూడా తలెత్తింది.

"నేనే బందు వెట్టిచ్చిన. నేను డ్యూటీ పోయినప్పుడు అల్లుడే, వచ్చినప్పుడు అల్లుడే. ముప్పయ్యేండ్లు నా మొఖం సూడలె. ఇగ రిటైరైన. ఇగ సూది ముట్టేది లేదు, ఊలు ముట్టేది లేదు. నాతోని కూసోని ముచ్చట వెట్టాలె. ఒట్టేయించుకున్న. నేర్పుడు గీర్పుడు ఏం లేదు, కొంటె కొనుండ్రి, లేకుంటె పోండ్రి!"

రాజేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గందుకా వదినె అంత భయపడ్డవు, సూది సుత జారిపాయె! అన్నకు ఇప్పుడు యాదికొచ్చినవ్ నువ్వు."

"మొండోడే ఉన్నడు," అని ఇంకొకామె గొణిగింది. "ఎంత మంచి చెయ్యి. ఆగం జేసిండు."

సువర్ణ తల వంచుకుంది. ఓదెలు గబగబా ఉండలన్నీ మౌనిక సంచిలో కుక్కాడు, ధర కూడా చెప్పకుండా. ఆ కుక్కడంలో, గుప్పిట తెరవకుండానే, నన్ను కూడా అడుగుకు తోశాడు. కానీ ఉంగరాలు తిరిగిన నా కొస సంచి అంచు మీద బయటే ఉండిపోయింది. సువర్ణ దాన్ని చూసింది. కొసను చూసి, మొగుణ్ణి చూసింది. అతను ఆమెను తప్ప అన్నింటినీ చూస్తున్నాడు.

"అది వద్దు, అది నాది," అంటుందని ఎదురుచూశాను. ఎడమచేత్తో నా కొసను మెల్లగా సంచిలోకి సర్దింది.

మౌనిక సంచిని నడుమెత్తు గోడ మీద పెట్టి, చెంబులో నీళ్ళు తేవడానికో దేనికో లోపలికి వెళ్ళింది. అక్కడినుంచి మిగతాది విన్నాను. వరండా ఖాళీ అయింది. చాలాసేపటికి ఓదెలు స్వెట్టరు తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇగ ఆ లాటు దొరకది. తిరిగి తిరిగి సాలైంది. ఈ ఒక్క చెయ్యి సుత ఊడదీస్తె, చేతులు లేని స్వెట్టరైతది కద. షర్టు మీద ఏస్కుంట."

బ్లేడుతో భుజం దగ్గర కుట్టు కోశాడు. కొస వెతికి ఆమె ఎడమచేతికి ఇచ్చాడు. విప్పడానికి నేర్పు అక్కర్లేదు, లాగితే చాలు. ఆమె లాగింది. నా తోబుట్టువులు వరుస వరుసగా ఊడి వచ్చారు. అతను వాళ్ళను చుట్టసాగాడు, కొబ్బరికాయంత గట్టిగా.

"గంత గట్టిగ సుట్టకు, ఊపిరాడది దానికి," అంది.

"హన్మకొండల మంచి నరాల డాక్టరున్నడట," అన్నాడు చుడుతూనే. "నా మోకాళ్ళు సూపిచ్చుకుంట. నువ్వు సుత రావాలె."

"మోకాళ్ళకు నరాల డాక్టరెందుకు?"

అతను చుట్టడం ఆపాడు. అబద్ధాలు చెప్పడంలో ఆమె ఆరితేరింది, అతనికి ఇదే తొలిరోజు. దారం ఇద్దరి మధ్యా వేలాడింది.

"ఎప్పుడు పోదాం?" అంది సువర్ణ.

లారీ వెళ్ళిపోయింది. డాక్టరు ఏ పేరు పెట్టాడో, ఆ వేళ్ళు ఇప్పుడు అన్నం కలుపుతున్నాయో లేదో నాకు తెలియదు. ఊలు ఉండలకు ఎవరూ ఫోను చేసి చెప్పరు. మౌనిక ఫోను చూసుకుంటూ నేర్చుకుంది. నాతో మఫ్లరు మొదలుపెట్టింది. కుట్లు బిగుతుగా ఉన్నాయి, వేళ్ళు మాత్రం బతికున్నాయి. నా ఉంగరాలు చూసి, పాత సరుకు అంటగట్టాడు ముసలాయన అని మొన్న విసుక్కుంది.

గోడ మీద చేతులు ఆనించి రాజేశ్వరి అప్పుడప్పుడూ వస్తుంది. "సువర్ణ వదినె ఉంటె చిటికెల నేర్పునే," అంటుంది. "బంగారమసొంటి చెయ్యి. గా మొగడు అల్లనియ్యలె."

"గసొంటి మొగోళ్ళు ఉంటరా అక్కా?" అంటుంది మౌనిక.

"ఎందుకుండరు. కండ్లార సూసినం కద."

ఆ లైనులో ఓదెలు పేరు అలా స్థిరపడిపోయింది. సువర్ణ పేరు చెక్కుచెదరలేదు. నేను ఆ మాటలు వింటూ, మౌనిక సూది మీద ఒక్కొక్క కుట్టుగా అయిపోతున్నాను.