మార్పుకు ముందు, మా చెల్లెలి క్లాసు

మా చెల్లెలి బడిలో బెంచీలన్నీ నా చేతిమీదుగా బాగుపడ్డవే. నేను వడ్రంగిని, అది టీచరు. ఇంట్లో ఒక్కరినే చదివించే స్తోమతుంటే తెలివైనదాన్ని చదివించారు, అందుకు నాకేం ఏడుపు లేదని చెబుతుంటాను. ఎవరూ నమ్మరు.

పిల్లలు తగ్గారని ఆ బడిని పెద్ద బడిలో కలిపేస్తారన్న మాట ఏడాదిగా వినబడుతోంది. కలిపితే చెల్లెల్ని ఎక్కడికో విసిరేస్తారు. చిన్నపిల్లలు పెద్ద రోడ్డు దాటి వెళ్ళలేక ఇళ్ళల్లో కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే, చదువుల్లో వచ్చిన మార్పు గురించి విద్యాశాఖ ఆఫీసువాళ్ళు డాక్యుమెంటరీ తీయిస్తున్నారని, అందులో దాని క్లాసు ఉంటుందని కబురొచ్చింది.

"అన్నయ్యా, ఈ సినిమా చూశాకే ఏ బడి ఉంచాలో పెద్దాఫీసరు తేలుస్తాడట. నువ్వొకసారి రా. బెంచీ ఒక్కటి కిర్రుమన్నా నా పరువు పోతుంది."

వెళ్ళాను. డైరెక్టరు మెడలో హెడ్‌ఫోన్లు వేలాడేసుకుని గదంతా తిరిగి పెదవి విరిచాడు.

"ఇదంతా బానే ఉందే!" అన్నాడు, ఏదో నేరం దొరికినట్టు. "మొదట 'మార్పుకు ముందు' తీయాలండీ, పాత పరిస్థితి. ఆ తర్వాత ఇదే గదిలో, ఇదే మేడంతో 'మార్పు తర్వాత'. ఈ బెంచీల కాళ్ళు కాస్త వదులు చేస్తారా?"

"బిగించినవాణ్ణి నేను. విప్పడానికి ఇంకో మనిషిని చూసుకోండి."

చెల్లెలు నన్ను పక్కకు లాగింది. "పానా తియ్యి అన్నయ్యా. సాయంత్రానికి మళ్ళీ బిగిద్దువుగాని. బతిమాలించుకోకు."

విప్పాను. పిల్లలు వేసి గోడకతికించిన బొమ్మల్ని చెల్లెలిచేతే పీకించారు. కిటికీలు మూయించారు. "మేడం, మీరు కుర్చీలోంచి లేవకండి. కొంచెం విసుక్కోండి." రోజంతా నిలబడి పాఠం చెప్పే మనిషి కూర్చుని విసుక్కుంది. ముందు వరసలో ఒక పిల్లకి నవ్వాగలేదు. "టీచరుగారూ, మీకు విసుక్కోవడం రావట్లేదండీ!" అంది.

నేను బడి మానేసినవాణ్ణని ఎవరు చెప్పారో, కెమెరా నా మీదికి తిరిగింది.

"చదువు మధ్యలో ఆపేసినందుకు ఇప్పుడు బాధగా ఉందా?"

"ఆకలిగా ఉందండీ. భోజనం వేళ దాటిపోయింది."

"కట్!"

తిన్నాక బోల్టులు బిగించాను. బొమ్మలు మళ్ళీ అతికించాం. అప్పటికి మబ్బు కమ్మింది. "వెలుతురు చాలదు, 'తర్వాత' రేపు తీద్దాం," అన్నారు. పొద్దున కిటికీలు మూయించిందీ వాళ్ళే.

మర్నాడు పిల్లలు ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. ఫోను చేస్తే, "షెడ్యూలు మారింది మేడం," అన్నారు. వారం తిరిగేసరికి బట్టలు నలిగాయి. సినిమావాళ్ళెప్పుడొస్తారని అడగడం పిల్లలే మానేశారు.

ఆఖరికి ఆ సినిమాని విద్యాశాఖ ఆఫీసు హాల్లో వేశారు. తెరమీద 'మార్పుకు ముందు' అని పడింది. చీకటి గది, ఊగే బెంచీ, కుర్చీకి అతుక్కుపోయి చిరాకుపడే మా చెల్లెలు. ఆ వెంటనే 'మార్పు తర్వాత'. ఇంకో బడి, ఇంకో టీచరమ్మ, ఎండ నిండిన గది. చప్పట్లు. పెద్దాఫీసరు పక్కాయనవైపు వంగి, "మొదటి బడి లాంటివాటిని ఇంకా ఎందుకు ఉంచారండీ?" అన్నాడు.

చెల్లెలు లేచి, "సార్, అది..." అంది. తెరమీద పాట మొదలైంది. దాని గొంతు ఎవరికీ వినబడలేదు. కూర్చుంది.

బయట డైరెక్టరు ఎదురొచ్చాడు. "జీవించేశారు మేడం! అందరూ మీ సీను గురించే మాట్లాడుతున్నారు."

"అదేనండీ మా భయం," అన్నాను.

సెలవులకు ముందే బడి మూశారు. బెంచీల్ని ఆ 'తర్వాత' బడికే పంపమన్నారు. అక్కడ పిల్లలు ఎక్కువై కింద కూర్చుంటున్నారట. రవాణాలో కుదుపులకి సగం బెంచీల కాళ్ళు వదులవడం ఖాయం, ముందే గట్టిగా బిగించాలి. నాకు చెయ్యి రాలేదు.

"ఊగనీవే. వాళ్ళకీ ఒక 'ముందు' సీను ఉండనీ."

చెల్లెలు నా సంచిలోంచి పానా తీసి చేతిలో పెట్టింది. "కూర్చునేది పిల్లలు అన్నయ్యా. బిగించు."

బిగించాను. ఆఖరిదాని దగ్గరికొచ్చేసరికి చెయ్యి లాగేస్తుంటే, దానిమీదే కూలబడ్డాను. కిర్రుమనలేదు. బయట లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.