గులాబీ చుక్కలు

“కుక్కర్ విజిల్ రానివ్వకమ్మా, అమ్మాయి రాసుకుంటోంది,” అన్నది అత్తగారు. విజిల్ రాకుండా కుక్కర్‌లో ఎలా ఉడుకుతుందో ఆవిడే చెప్తే బాగుండును. కోడలు మంట తగ్గించి, వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

అమ్మాయంటే ఆడపడుచు. ఒకప్పుడు వదినా ఆడపడుచులిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఫిజిక్స్ చదివారు. నక్షత్రాలు ఎక్కడ పుడతాయో, ఎందుకక్కడే పుడతాయో తేల్చాలని ఇద్దరికీ ఒకటే పిచ్చి. తర్వాత ఆ స్నేహితురాలి అన్నతోనే ఈమెకు పెళ్ళయింది. “ఇంట్లో ఒకళ్ళు చదివితే చాల్లే,” అన్నాడు మొగుడు, నవ్వుతూనే. ఆ ఒకళ్ళు ఎవరో అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడా ఆడపడుచు అంతరిక్ష టెలిస్కోపు తీసిన బొమ్మలు వెంటబెట్టుకుని, ప్రశాంతంగా పరిశోధన వ్యాసం రాసుకోవడానికి అన్నగారింట్లో దిగింది. ఆ ప్రశాంతతను పూటపూటా వండి వడ్డిస్తున్నది వదినే.

కాఫీ పట్టుకెళ్తే తెర మీద సర్పిల గెలాక్సీ. మెలి తిరిగిన చేతుల పొడవునా గులాబీ చుక్కలు, కొత్త నక్షత్రాలు పుడుతున్న చోట్లు. మామూలు కాంతిలో ధూళి కమ్మి నల్లగా ఉండే చోట కూడా, పరారుణ కాంతిలో లోపలి పసి నక్షత్రాలు తేటగా బయటపడ్డాయి. చూసేసరికి వదినకు కడుపు మండిపోయింది. ఆ బొమ్మ ముందున్న కుర్చీని చూసి అసూయ, మూసిన తలుపును చూసి అసూయ, మధ్యాహ్నమైనా దువ్వని ఆ జుట్టును చూసి మరీ అసూయ. తను అలా కూర్చుంటే ఒంట్లో బాలేదా అని అడుగుతారు, లేదంటే బద్ధకమంటారు.

“నీ పనే హాయి వదినా, గడువుల్లేవు,” అంది ఆడపడుచు కప్పు అందుకుంటూ.

“నీకేం గడువు?”

“ఈ బొమ్మలు ఏడాదిపాటే మాకు సొంతం. ఎల్లుండితో సరి. ఆ తర్వాత ఎవరైనా ఊరికే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈలోపు నేను రాయకపోతే ఇంకెవరో రాసేస్తారు.”

“ఎవరైనానా? ఉద్యోగం ఉందా, ఎక్కడ పనిచేస్తున్నావు అని అడగరూ?”

“అడగరు. ఏం, ఎందుకలా చూస్తున్నావ్?”

వదిన ఆ గులాబీ చుక్కలకేసి ఇంకాసేపు చూసింది.

“ఎల్లుండి నుంచి వంట నావల్ల కాదు. మీ అమ్మకి నువ్వే చెప్పు,” అంది. “నువ్వు మాత్రం తొందరగా రాసెయ్. ఆ ఇంకెవరో నేనే.”