సున్నా కేసుల ఊరు

సాయంత్రం వార్తల వేళకు నాతోవీ ఊళ్లో మగవాళ్లంతా సభ ఇంట్లో చాపల మీద చేరతారు. మధ్యలో పెద్ద చెక్క గిన్నె నిండా యంగోనా ఉంటుంది. వేరు దంచి నీళ్లలో పిసికిన ఆ పానీయాన్ని ఒకే ఒక్క కొబ్బరిచిప్పతో ముంచి వరసగా అందిస్తారు. అందుకున్నవాడు ఒకసారి చప్పట్లు కొట్టి, గుక్కలో తాగేసి, చిప్ప తిరిగిస్తాడు. అదే చిప్ప పక్కవాడి మూతికి చేరుతుంది. తాతలనాటి నుంచి అంతే. మహమ్మారి వచ్చి ఫిజీ అంతా తలుపులు మూసుకున్నా నాతోవీలో మాత్రం చిప్ప ఆగలేదు, ఎందుకంటే నాతోవీలో కేసులు లేవు. రేడియో రోజూ అదే చెబుతోంది.

ఏటి అవతలి వాయిలోమాలో మాత్రం రోజూ ఎంతో కొంత అంకె వినిపించేది. ఈ రెండూ బావామరదుల వరస ఊళ్లు. ఒకరినొకరు ఏమన్నా అనుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. అందుకే వార్తలు అవగానే ఊరి పెద్ద తానియేలా అక్కడి పెద్ద వతిసోనికి ఫోన్ చేసేవాడు.

"ఏం బావా, ఇవాళ కూడా మీకు పంట బాగా పండిందంట. మాకో బస్తా పంపకూడదూ?"

"మీకూ పండే ఉంటుంది బావా. చేలోకి దిగి చూసే మగాడు లేడు, అంతే."

సభ ఇల్లంతా నవ్వు. ఆ నవ్వులో ఒక్కరికీ ఒక్క ప్రశ్న తట్టలేదు. నాతోవీలో ఇంతవరకు ఎంతమందికి పరీక్ష చేశారు? ఒక్కరికి కూడా చెయ్యలేదు. పరీక్షల బండి వంతెన దగ్గరికి వచ్చినప్పుడల్లా తానియేలా నర్సులకు కొబ్బరి నీళ్లు తాగించి, కర్రపెండలం గంప బండిలో పెట్టించి, మా ఊళ్లో ఎవరికీ జ్వరం లేదమ్మా అని గౌరవంగా సాగనంపేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన తమ్ముడు పోయి నూరు రాత్రులు నిండబోతున్నాయి. శనివారం పెద్ద విందు. చుట్టాలంతా వచ్చి ఒక్కచోట తిని, తాగి, మైల విడవాలి. ఒక్క కేసు బయటపడితే దారి మూసేస్తారు, విందు ఆగిపోతుంది. ఆ పైన వాయిలోమా వాళ్ల వెక్కిరింత ఒకటి.

పోయిన ఆ తమ్ముడి కోడలే లొసానా. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల. చంకలో పాలు తాగే కూతురు కెలెరా. ఇంట్లో ఉబ్బసంతో నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునే అత్తగారు అనసేనీ.

మంగళవారం లొసానాకు ఒళ్లు వెచ్చబడింది. వానలో తడిశాను కదా అనుకుంది. గురువారం పొద్దున పాపకు స్నానం చేయించి, అక్కడి అమ్మలందరూ ముద్దు పెట్టుకున్నట్టే, బుగ్గకు ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చింది. ఏమీ తెలియలేదు. మళ్లీ పీల్చింది. కొబ్బరి నూనె వాసన లేదు, పాల వాసన లేదు. సొంత బిడ్డ వాసనే లేదు. పాపను గబగబా చాప మీద పడుకోబెట్టి దూరంగా జరిగింది.

పరీక్ష చేయించుకుంటానంటే మొగుడు సెమెసా ఒప్పుకోలేదు. పరీక్షలు చేస్తేనే కేసులు పెరుగుతున్నాయని రేడియోలో ఎవరో పెద్దమనిషి అన్నాడని చెప్పాడు. అందరికీ చెయ్యాలని ఇంకో డాక్టర్ వాదించాడట. అంత చదివినవాళ్లే తేల్చుకోలేకపోతే నీకెందుకన్నాడు.

"శనివారం దాటనీ. తర్వాత ఎన్నైనా చేయించుకో. మా నాన్న విందు నీవల్ల ఆగిందంటే ఈ ఊళ్లో నేను తలెత్తుకోలేను."

"వాళ్ల వాదన వాళ్లు తేల్చుకోనీ. పాపకి పాలిచ్చేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోవాలా, అత్తమ్మని వేరే ఇంట్లో ఉంచాలా? నాకు తెలియాల్సింది అదొక్కటే. అది రేడియో చెప్పదుగా."

అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న అనసేనీ మెల్లగా లేచి కూర్చుంది.

"వెళ్లి రావే. ఆయన నూరో రాత్రి చెయ్యబోయి నాకు లెక్క మొదలుపెట్టేలా ఉన్నారు వీళ్లు."

మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, ముక్కూ మూతీ కప్పుకుని లొసానా పచ్చిక మైదానం దాటి వంతెన వైపు నడిచింది. ఎవరూ పలకరించలేదు. అక్కడ ఆగి ఉన్న పరీక్షల బండి దగ్గర పరీక్ష చేయించుకుంది. నర్సు చెప్పిన ప్రకారం మూతికి గుడ్డ కట్టుకుని పాపకు పాలిచ్చింది. అత్తగారిని పక్కనున్న ఖాళీ ఇంటికి మార్పించింది.

శుక్రవారం రేడియోలో నాతోవీ పేరు వినిపించింది. ఒకటి. దారి మూశారు. విందు ఆగింది. వండడానికి తెచ్చిన చేపలు ఇంటింటికీ పంచేశారు. తానియేలా చేతిలో ఫోన్‌తో నేరుగా లొసానా ఇంటి ముందుకొచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. వెనకాల సగం ఊరు.

"ఇంతమందిమి ఉన్నాం, ఎవరూ చెయ్యని పని చేశావు. ఊరి పేరు రేడియోకెక్కించావమ్మా."

లొసానా కిటికీలోంచి వినయంగానే మాట్లాడింది.

"నాకు జ్వరం మంగళవారం వచ్చింది, పెదమావయ్యగారూ. రేడియో ఇవాళ చెప్పింది. నిన్నటిదాకా మన ఊరు సున్నాయే. బుధవారం విందు మాటలకి మీరంతా మా ఇంటికొస్తే, ఆ సున్నా రోజునే మీ అందరికీ టీ కలిపి చేతికిచ్చింది నేనే."

ఆ మాటతో వెనకనున్న గుంపు తెలియకుండానే ఒకరికొకరు దూరం జరిగింది. అప్పుడే ఆయన చేతిలో ఫోన్ మోగింది. వతిసోని. ఇన్నాళ్ల వెక్కిరింతలకూ వడ్డీతో సహా తీర్చుకుంటాడని అందరికీ తెలుసు. పారిపోయాడన్న మాట కూడా ఎందుకని తానియేలా అందరికీ వినపడేలా ఫోన్ పెట్టాడు.

"బావా, ఎగతాళికి కాదు ఈ ఫోన్." వతిసోని గొంతు బరువుగా ఉంది. "మొన్న మా వదిన పోయింది, తెలుసుగా. ఆవిడకి దగ్గు మొదలైనప్పుడే పరీక్ష చేయించాల్సింది. ఇంకో అంకె పెరిగితే మీరు నవ్వుతారని ఆగాం. ఆస్పత్రికి చేర్చేసరికి ఆలస్యమైంది. తప్పు మీది కాదు, ఆగింది మేం. కానీ మా నవ్వుకి జడిసి మీరు ఆగొద్దు."

ఫోన్ కట్టేసి తానియేలా మెట్ల మీద కూలబడి, రెండు అరచేతులూ గుంటగా వంచి, పెద్దల ముందు తప్పు ఒప్పుకునేటప్పుడు చేసే చప్పట్లు నెమ్మదిగా కొట్టాడు. కోడలి ముందు ఒక ఊరి పెద్ద అలా చెయ్యడం ఎవరూ చూసి ఉండరు. ఆ వెంటనే ఫోన్ చేసి నర్సులను రమ్మన్నాడు.

మర్నాడు వంతెన దగ్గర వరసలో మొదటివాడు ఆయనే. ఆయన వెనక సెమెసా. ఇల్లు కదలలేని ముసలివాళ్ల దగ్గరికి నర్సులే వెళ్లారు. అనసేనీకి జబ్బు సోకిందని తేలింది కానీ ఊపిరి అందకుండా పోయేలోపే తేలింది. పడవలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ కోడలికి చెయ్యి ఊపింది.

ఆదివారం రేడియోలో ఆ చుట్టుపక్కల అన్ని ఊళ్లకంటే పెద్ద అంకె నాతోవీదే. ఎవరూ నవ్వలేదు. జబ్బు ఆ రోజు పెరిగింది కాదనీ, ఆ రోజు కనపడిందనీ ఊరికి అర్థమైంది. సభ ఇంటికి తాళం పడింది. తానియేలా మైదానం మధ్యలో నిలబడి, ఎవరి గుమ్మంలో వాళ్లున్న జనానికి వినపడేలా గొంతెత్తాడు.

"చూడకుండా చెప్పిన సున్నాని నమ్మి మనల్ని మనమే మోసం చేసుకున్నాం. ఇకనుంచి అంకె విని సిగ్గుపడకండి. ఆ అంకెలో ఉన్నది ఎవరో తెలుసుకుని, వాళ్ల గుమ్మంలో వండిన కూడు పెట్టి రండి."